ఎవరూ ముట్టని నోటీసు

కోర్టు నోటీసులు అందించే ప్రాసెస్ సర్వర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వనపర్తిలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "ఇన్నేండ్లు ఎట్ల జేసిండ్రు సార్ గీ కొలువు?" అని అడుగుతారు. ఎలా చేశానో నాకూ తెలియదు. పొద్దున లేచి బస్సెక్కడం, ఎండలో నడవడం, ఎవరికీ అక్కర్లేని కాగితం చేతికివ్వబోవడం, తిట్లు తిని తిరిగి రావడం. అదే కొలువు. ఇప్పుడు మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటున్నాను.

మీరిప్పుడు ఫోన్లో ఫొటో తీసి అక్కడి నుంచే ఆఫీసుకు పంపిస్తున్నారు. సంతోషం. కానీ కాగితం అందుకోవాల్సిన మనిషి మాత్రం మారలేదు కదా. ఆయన ఇప్పటికీ పెరటి గోడ దూకుతూనే ఉన్నాడు. అందుకే నేను రిటైరయ్యే ముందు ఏడు నా చేతుల మీదుగా నడిచిన ఒక నోటీసు సంగతి మీకు చెప్పాలనిపించింది. ఇందులో నా గొప్పేమీ లేదు. ఆ ఒక్క నోటీసు మాత్రం నన్ను బాగా అలసిపోయేలా చేసింది, అంతే.

ముందు మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. మన ఊళ్లలో కోర్టు కాగితం ముట్టుకుంటే కేసు ఒంటికి అంటుకుంటుందని నమ్మకం. ముట్టుకోకపోతే కేసు లేనట్టే. అందుకని నన్ను చూడగానే చేతులు వెనక్కి కట్టుకునేవాళ్లు. కొందరు ఆడవాళ్లు చీర కొంగుతో చేతులు కప్పుకునేవాళ్లు. చదువుకున్నవాళ్లు మాత్రం తక్కువా? ఒక బడిపంతులు తన రెండు చేతులూ పిండిలో పెట్టి, "రొట్టెలు జేస్తున్న, తర్వాత రా" అన్నాడు. ఆయన జన్మలో రొట్టె చేసి ఉండడని ఆ ఇంటావిడ నవ్వే చెప్పింది. నోటీసు ఇచ్చి సంతకం తీసుకోవడాన్ని మేం తామీలు అంటాం. తామీలు అయితేనే కేసు కదులుతుంది. కాకపోతే వాయిదా. మళ్లీ కాకపోతే మళ్లీ వాయిదా.

అలా వాయిదాల మీద వాయిదాలు పడుతున్న కేసుల్లో ఒక నర్సమ్మది ఉండేది.

ఆమె వనపర్తిలోనే ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా పనిచేసేది. ముప్పై దాటి ఉంటాయి. భర్తతో విడాకులై నాలుగైదేళ్లు గడిచాయి. కూతురు తల్లి దగ్గరే పెరగాలని కోర్టు అప్పుడే తీర్పు రాసి ఇచ్చింది. పాపకు ఏడేళ్లుంటాయి. నర్సమ్మ రాత్రులు చదివి ఏవో పరీక్షలు పాసై, ఇంగ్లాండులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. తనకు వీసా వస్తుంది. పాపకు రావాలంటే మాత్రం తండ్రి ఒప్పుకుంటున్నట్టు సంతకమైనా ఉండాలి, పిల్లను దేశం దాటించడానికి కోర్టు అనుమతైనా ఉండాలి. తీర్పులో పిల్ల ఎవరి దగ్గర ఉండాలో రాశారు గానీ, ఎంత దూరం తీసుకుపోవచ్చో రాయలేదు. అప్పుడు ఇంగ్లాండు సంగతి ఎవరి ఊహలోనూ లేదు. తండ్రి సంతకం పెట్టనన్నాడు. ఆమె అనుమతి కోసం మా కోర్టుకొచ్చింది. కోర్టు తండ్రికి నోటీసు పంపింది. ఆ నోటీసు అందదు.

వాయిదా రోజున పాపను వదిలి రావడానికి ఆమెకు ఇంట్లో ఎవరూ లేరు. అందుకని వెంట తెచ్చుకునేది. పాప బడి బట్టల్లోనే వరండా బల్ల మీద కూర్చుని కాళ్లూపుకుంటూ మరమరాలు తినేది. కోర్టు హాలు తలుపు దగ్గర దఫేదారు నిలబడి కేసులో ఉన్నవాళ్ల పేర్లు పిలుస్తాడు. ఒక్కో పేరూ మూడుసార్లు, వరండా దద్దరిల్లేలా. మూడోసారికీ పలకకపోతే మనిషి రాలేదని లోపల రాసుకుంటారు. ఆ పాప తండ్రి పేరు అలా ఎన్ని వాయిదాలకు పిలిచారో. ఎవరూ పలకలేదు. పిల్లలు ఊరుకుంటారా? విని విని పాపకది ఆటైపోయింది. మధ్యాహ్నం కోర్టు లేచాక, ఖాళీ తలుపు ముందు నిలబడి, పొట్ట ముందుకు పెట్టి, దఫేదారులాగే గొంతు బొంగురు చేసి తండ్రి పేరు మూడుసార్లు పిలిచేది. పిలిచి, జవాబు కోసం ఆగేది. ఆమెది ఆటే. చూసినవాళ్లకే నవ్వు వచ్చేది కాదు. దఫేదారు మోటు మనిషి. ఆయన కూడా ఒకరోజు, "ఆ పిల్ల ఉన్నప్పుడు నాకు ఆ పేరు పిలువ బుద్ధయితలేదు" అని నాతో అన్నాడు.

ఆ నోటీసు మొదట నాది కాదు. నాకంటే సీనియర్ ఒకాయన ఉండేవాడు, పాప తండ్రి ఊరున్న ఖిల్లా ఘణపూర్ దిక్కంతా ఆయనదే. ఆయనకు ప్రతి ఇంటి కుక్కా తెలుసు. మూడునాలుగుసార్లు వెళ్లి మనిషి దొరక్కపోతే, ఇద్దరు సాక్షుల ముందు నోటీసును ఆ మనిషి ఇంటి తలుపుకు అంటించి రావచ్చని రూలు ఉంది. ఆయన అలాగే అంటించి వచ్చాడు, రిపోర్టు రాసిచ్చాడు. పని సక్రమంగానే చేశాడు, దొంగ రిపోర్టు కాదు. నర్సమ్మ కూడా ఇక అయిపోయినట్టే అనుకుంది. ఆ రోజు మా అందరికీ కాంటీను నుంచి మిర్చీలు తెప్పించింది.

తర్వాత వాయిదాకు జడ్జి గారు ఆ రిపోర్టు చదివి మా సీనియర్‌ను పిలిచారు. ఆమె కొత్తగా బదిలీ మీద వచ్చారు. నెమ్మదిగా మాట్లాడతారు, నెమ్మదిగానే ఇరుకున పెడతారు.

"మీరు నోటీసు అంటించిన ఇంట్లో ఎవరుంటారు?"

"వాళ్లమ్మ ఉంటది మేడం."

"ఆయన?"

"ఆయన బోరు లారీ మీద పనిజేస్తడు మేడం. ఎప్పుడన్న పండుగకొస్తడు."

"అంటే ఆయన అక్కడ ఉండడు."

మా సీనియర్ నిజంగానే తెల్లబోయాడు. "ఆయన ఇల్లు అదే గదా మేడం," అన్నాడు.

ఆయన తప్పు అర్థం కావాలంటే పాలమూరు మనిషై ఉండాలి. మా దగ్గర మనిషి పదినెలలు పూనాలోనో బొంబాయిలోనో మట్టి మోసినా, రాయచూరు అవతల బోర్లు వేసినా, "మీ ఇల్లెక్కడ" అంటే తల్లి ఉండే గడప పేరే చెప్తాడు. మేమూ అదే ఇల్లనుకుంటాం. అక్కడ మనిషి ఉన్నాడా లేడా అన్నది మాకు తోచే ప్రశ్న కాదు. జడ్జి గారికి తోచింది. పిల్లను సముద్రాలు దాటించే విషయంలో తండ్రి మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వలేనని, కొత్త నోటీసు స్వయంగా ఆయన చేతికే ఇవ్వాలని రాశారు. ఆమె చేసింది తప్పని ఇవాళ్టికీ అనలేను. కానీ ఆ సాయంత్రం నర్సమ్మ ముఖం చూసినవాడిని.

ఆమె బల్ల మీద కూర్చుని చెప్పులకేసి చూస్తూ ఉంది. పాప ఆమె ఒడిలో తల పెట్టి నిద్రపోయింది.

"సార్, ఆసుపత్రోళ్లు ఒక్కపారి డేటు జరిపిన్రు. ఇంకోపారి జరిపేది లేదని మెయిల్ పెట్టిన్రు," అంది. "నేనొక్కదాన్నే పోవాలంటే రేపే పోవచ్చు. దీన్ని ఎవరి దగ్గర పెట్టాలె? హాస్టల్ల వేస్తే ఏడుస్తది. పోకపోతే గింత చదివింది దేనికి?"

"చూద్దాం బిడ్డా" అన్నాను. మా కొలువులో అందరికీ చెప్పే మాటే అది.

"దీనికి జ్వరమొస్తే నేనే, బడిలో సంతకం నేనే. సంటిపిల్లప్పుడు సూది ఏపియ్యాలన్నా నేనే. ఆడ ఎవ్వరూ తండ్రెక్కడ అని అడగలే సార్. ఇప్పుడు విమానం ఎక్కుతనంటే అందరికీ ఆయన్నే కావాల్నంట." ఆమె గొంతులో కోపం లేదు. కోపం కూడా అలసిపోయింది. "ఆయన మంచోడు కాదని నేనంటలేను. వచ్చి వద్దని అయినా చెప్పమనుండ్రి. గిట్ల కనపడకుండ ఉంటే నేనెవరితోని మాట్లాడాలె?"

మా సీనియర్‌కు అప్పటికే బీపీ. ఆ రోజు నుంచి ఖిల్లా ఘణపూర్ దిక్కు వెళ్లనని మొండికేశాడు. నోటీసు నా సంచిలో పడింది.

ఆ తండ్రి ఊరికి వెళ్లేసరికి ఎండ మాడు పగిలేలా ఉంది. ఇల్లు ఊరి చివర, గుట్ట కింది సందులో. దూరం నుంచే మా సీనియర్ అంటించిన కాగితం కనపడింది. దగ్గరికి వెళ్లి చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాను. పీర్ల పండుగకు ఇల్లంతా సున్నం వేసుకున్నారు. గడపకూ తలుపుకూ ఎర్రమట్టి జాజు పూశారు. పూసిన చెయ్యి నోటీసు అంచు దాకా వచ్చి, జాగ్రత్తగా చుట్టూ తిరిగి పోయింది. ఎర్రటి తలుపు మధ్యలో కాగితం, దాని చుట్టూ వేలెడు వెడల్పున పాత రంగు. దానికి ఒక్క జాజు చుక్క కూడా అంటలేదు.

తలుపు తీసిన అతని తల్లి నాకంటే నాలుగేళ్లు పెద్దదయ్యుంటుంది. నన్ను చూడగానే రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"నేను ముట్టుకోలే సారూ," అంది నేను నోరు తెరవకముందే. "గా ముసలి సారు అంటిచ్చి పోయిండు. గప్పటి సంది నేను దాన్ని ముట్టుకోలే. కోళ్లను గూడ అటు పోనిస్తలేను."

"ముట్టుకుంటే ఏం కాదక్కా. అది ఉత్త కాగితమే."

"మీరు గట్లనే అంటరు. మా మరిది కూడా ఉత్త కాయితమే అని పట్టుకున్నడు, రెండెకరాలు పాయె."

నీళ్లిచ్చింది. చెంబు నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి దూరం జరిగింది. నా చేతుల్లో ఏదైనా అంటుకుని ఉంటుందని భయం. నీళ్లు తాగి, కొడుకు ఎక్కడున్నాడని అడిగాను. తెలియదంది. ఎప్పుడొస్తాడంటే తెలియదంది. ఫోను నంబరు అడిగితే తనకు నంబర్లు రావంది. ఇలాంటి తెల్వదులు నేను వేలల్లో విన్నాను. లేచి సంచి సర్దుకుంటుంటే ఆమె మెల్లగా అడిగింది.

"గా దేశం శానా దూరమా సారూ?"

"చానా దూరమక్కా."

"పిల్లను నేను నడక రాకముందు జూసిన. ఇప్పుడు నన్ను గుర్తు వడ్తదా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. తిరిగి, వాకిట్లో గింజలు ఏరుకుంటున్న కోడిపెట్టతో మాట్లాడడం మొదలుపెట్టింది. "ఎల్లుండి అమరచింత దిక్కు పాయింటు ఉన్నదంట. చెరువు ఎనక చేన్ల బోరు ఏస్తరంట. నేను నీకే చెప్తున్న, ఎవ్వరికీ చెప్తలేను." అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

కోర్టులో ఒట్టు వేయించి అడిగినా, తాను కోర్టు మనిషికి ఏమీ చెప్పలేదని ఆమె ధైర్యంగా చెప్పగలదు. దారంతా ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను. కొడుకు పక్షమో, మనవరాలి పక్షమో, అసలు ఆమె ఎవరి పక్షాన ఉందో నాకు తేలలేదు. బహుశా ఆమెకూ తేలి ఉండదు.

అమరచింతలో బస్సు దిగి చెరువు వెనక్కి నడిచేసరికి బోరు లారీ చప్పుడు వినపడింది. చేను ఒక రైతుది. భార్యాభర్తా ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. బోరు పాయింటు దగ్గర కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ చల్లి ఉంది. రాయి పొడి లేచి మనుషులందరూ పిండిబొమ్మల్లా తెల్లగా ఉన్నారు. లారీ మీద మీటల దగ్గర ఉన్నవాడే నాకు కావలసిన మనిషని అడిగి తెలుసుకున్నాను. వాడు నన్ను చూశాడు. నా సంచిని చూశాడు. ముఖం తిప్పుకున్నాడు. ఆ లారీ మీద నుంచి మాత్రం ఎక్కడికి దూకుతాడు? బోరు తవ్వే బిట్టు లోపల తిరుగుతోంది.

నేను దగ్గరికి పోబోతుంటే రైతు అడ్డం వచ్చాడు.

"ఎవరు నువ్వు? కోర్టాయనవా? వద్దు, వద్దు. నా బోరుకాడ కోర్టు కాయితం తియ్యకు."

"నీకు కాదు నాయినా, ఆ డ్రిల్లరుకు."

"ఎవరికైతేంది! నీళ్లు పడకముందే గా కాయితం బయటికి తీస్తే నీళ్లు పడ్తయా? పోయినేడు రెండు బోర్లు ఎండినయి. నీ కాళ్లు మొక్కుత, నీళ్లు పడేదాంక అగో, గా యాపచెట్టు కింద కూసో."

చట్టం ప్రకారం నన్ను ఆపే హక్కు ఆయనకు లేదు. కానీ ఆయన భార్య నిజంగానే రెండు చేతులూ జోడించి నిలబడింది. ఆ చేతులు చూశాక చట్టం సంచిలోనే ఉండిపోయింది. వెళ్లి వేపచెట్టు కింద కూర్చున్నాను. పొద్దున నుంచి సాయంత్రం దాకా. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది, తెల్లటి పొడి తప్ప ఏమీ రావడం లేదు. మధ్యాహ్నం ఆ ఇల్లాలు నాకు కూడా జొన్నరొట్టె, పచ్చడి పెట్టింది. నా కోసం కాదు, పక్కనున్నవాడు ఆకలితో ఉంటే నీళ్లు పడవని. నాకు ఆ రోజు ఒకటే అనిపించింది. ఇక్కడ ఒక మనిషి నీళ్ల కోసం కూర్చున్నాడు, అక్కడ వరండాలో ఒకామె విమానం కోసం కూర్చుంది, ఇద్దరికీ మధ్య నేను సంచి పట్టుకుని కూర్చున్నాను. ఇంకో మూడు నెలలైతే రిటైరవుతాను కదా, ఈ కాగితం వేరేవాళ్లకు ఇచ్చేసి ఇంటికి పోతే ఏమవుతుంది? నిజంగా లేచి నిలబడ్డాను కూడా. మోకాళ్లు పట్టేసి మళ్లీ కూర్చున్నాను.

పొద్దు వాలుతుండగా పొడి తడిసింది. ఆ తర్వాత బురద, ఆ తర్వాత నీళ్లు. పెద్ద ధార కాదు, అయినా నీళ్లే. రైతు ఆ నీళ్లలో చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. మిషను ఆపారు. చప్పుడు ఆగాక చెవుల్లో హోరు చాలాసేపు పోలేదు.

నేను లేవకముందే ఆ డ్రిల్లరు తనే నా దగ్గరికి వచ్చాడు. ఒళ్లంతా బురద. చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు.

"పారిపోతవనుకున్న," అన్నాను.

"యాడికి పోవాలె కాకా? పొద్దటి సంది నువ్వు కూసున్నవు, నేను జూస్తున్న." నా సంచి వైపు చూసి, "తీస్కోకపోతే ఏమైతది?" అన్నాడు.

"మళ్లొస్త. నేను దిగిపోతే ఇంకొకడొస్తడు."

"ముట్టుకుంటే నా బిడ్డ పోతది. ముట్టుకోకుంటే ఈడనే ఉంటది. నాకు గంతే ఎరుక." అని మట్టిగడ్డ ఒకటి తీసి చిదిమాడు. "నేనేం జేసిన కాకా? తాగుతనా? కొట్టిననా? లారీ మీద తిరుగుతున్నని ఆమె ఎల్లిపాయె. నెలకొక్కపారన్న పిల్లను జూస్తనని కాయితం రాసుకున్నం, లారీ దిగితేనే గదా జూసేది. ఇప్పుడు ఒకటేపారి సముద్రం అవతలికంట."

మా పని కాగితం ఇవ్వడమే. కేసు గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదని చేరిన రోజే చెప్తారు. మీకూ చెప్పి ఉంటారు. ఆ మాట నేను సర్వీసంతా పాటించాను. ఆ సాయంత్రం మాత్రం పాటించాలని అనిపించలేదు.

"నీ బిడ్డ కోర్టు కాడ ఏం ఆట ఆడుతదో తెలుసా?" అన్నాను. "దఫేదారు నీ పేరు పిలుస్తడు గదా, మూడుసార్లు. ఆమె గూడ గట్లనే పిలుస్తది. తలుపు కాడ నిలవడి నీ పేరు మూడుపార్లు పిలుస్తది. పిలిచి జరసేపు ఆగుతది. ఎవ్వరు పలుకరు. మళ్ల పోయి అమ్మ దగ్గర కూసుంటది."

రైతు భార్య కొత్త నీళ్లు చెంబులో తెచ్చి మా ఇద్దరికీ ఇచ్చింది. బురద వాసన వేస్తున్న ఆ నీళ్లు ఆమె ముఖం చూసి తాగాం. అతను చెంబు పెట్టి, తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. తువ్వాలా బురదే. ఎంత తుడిచినా పోలేదు.

"రమ్మంటున్నరు, అంతేనా? నన్నడుగుతరా?" అన్నాడు.

"అడుగుతరు. నీకేం కావాల్నో చెప్పు. వద్దంటే వద్దను. ఆడికొచ్చి అను."

"యాడ పెట్టాలె సంతకం?"

ఆఫీసుకు వెళ్లాక సూపరింటెండెంట్ బురద అంటిన ఆ సంతకం కాపీని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "ఏందయ్యా ఇది, చేన్ల దున్నినవా?" అని నలుగురిలో కేకలేశాడు. వంగి క్షమాపణ చెప్పాను. ఆ సూపరింటెండెంట్ తన సర్వీసులో ఒక్క చేను కూడా చూడలేదు పాపం.

వాయిదా రోజు వచ్చింది. నర్సమ్మ ఎప్పటిలాగే బల్ల మీద, పాప పక్కనే. తామీలు అయిందని నేను ముందే చెప్పాను. "వస్తడా సార్?" అంటే, వస్తాడని నేను ఎలా హామీ ఇవ్వగలను? ఈ వాయిదా కూడా పోతే ఉద్యోగం పోయినట్టే అని వాళ్ల వకీలు నా చెవిన వేశాడు. దఫేదారు తలుపు దగ్గరికొచ్చాడు. ఒకసారి పిలిచాడు. వరండాలో ఎవరూ కదల్లేదు. రెండోసారి పిలిచాడు. ఆ తర్వాత మామూలుగా ఆగే దానికంటే చాలాసేపు ఆగాడు, దగ్గాడు, కండువా సర్దుకున్నాడు. మూడోసారి పిలుస్తుంటే గేటు దగ్గర నుంచి గొంతు వినపడింది.

"ఉన్న సార్! ఉన్న!"

పరుగెత్తుకుంటూ వచ్చాడు. తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ చెవుల వెనక తెల్లపొడి అలాగే ఉంది. పాప బల్ల దిగి నిలబడింది. తండ్రిని చూసి కాదు, ఆ మనిషి ఎవరో ఆమెకు తెలియదు. ఆ పేరుకు జవాబొచ్చిందని ఆశ్చర్యపోయి నిలబడింది. "అమ్మా, పలికిండు," అంది.

లోపల పెద్ద వాదనలేమీ జరగలేదు. జడ్జి గారు అభ్యంతరం ఉందా అని అడిగారు. అతను తల వంచుకుని, "ఉన్నదైతే ఉన్నది మేడం, కానీ పోనియ్యుండ్రి. ఆమెనే పెంచింది," అన్నాడు. వారానికొకసారి వీడియో ఫోను చేయించాలని, పోయే ముందు పాపను తన తల్లికి ఒకసారి చూపించాలని అడిగాడు. నర్సమ్మ సరేనంది. అదంతా ఉత్తర్వులో రాశారు. బయటికొచ్చాక అతను పాప ముందు గొంతుక్కూర్చుని ఏదో అడిగాడు. పాప తల్లి కాలు పట్టుకుని జవాబు చెప్పింది. ఆ మాటలు వినకూడదని నేను సెక్షన్లోకి వెళ్లిపోయాను.

తర్వాత సంగతి నర్సమ్మ నాకు ఫోన్లో చెప్పింది. హైదరాబాదు ఎయిర్‌పోర్టులో ఉత్తర్వు చూపిస్తే, అక్కడి ఆఫీసరు తిరగేసి మరగేసి చూసి, పాపను దగ్గరికి పిలిచి, మీ నాన్న ఎక్కడ అని అడిగాడట. నర్సమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయట. పాప మాత్రం గర్వంగా, "మా నాయిన కోర్టుకొచ్చిండు," అందట. ఆఫీసరు స్టాంపు వేసి పంపాడు.

ఆ ఫోనులోనే ఆమె ఇంకొకటి కూడా చెప్పింది. వీసా ఆలస్యంగా వచ్చి, వచ్చిన వెంటనే బయలుదేరాల్సి వచ్చిందని, పాపను నాయనమ్మకు చూపించడానికి ఖిల్లా ఘణపూర్ దిక్కు పోవడానికి వీలుపడలేదని. "మళ్ల వచ్చినప్పుడు తప్పకుండ చూపిస్త సార్," అంది. ఆమె గొంతులో అబద్ధం లేదు. నేను ఆమెను తప్పు పట్టను. ఒంటిచేత్తో ఒక పిల్లనూ, రెండు పెట్టెలనూ మోసుకుపోయేవాళ్లకు ఏదో ఒకటి చేజారుతుంది. కానీ నాకు మనసు చివుక్కుమంది.

నా సర్వీసు ఆఖరి వారంలో అదే ఊరికి, అదే సందులో వేరే ఇంటికి ఒక నోటీసు పడింది. ఆమె ఇంటి ముందు నుంచే పోవాలి. తల దించుకుని దాటిపోదామనుకున్నాను. ఆమె అరుగు మీదే కూర్చుని ఉంది. తలుపు మీద ఆ పాత నోటీసు ఇంకా అలాగే ఉంది. వానకు సిరా చెదిరి, అంచులు లేచాయి.

"కేసు అయిపాయె గదా సారూ?" అంది.

"అయిపోయిందక్కా. ఈ కాగితం తీసేస్త," అని చెయ్యి చాపాను.

"తియ్యకు, తియ్యకు," అని గబుక్కున లేచింది. "దాంట్ల మా పిల్ల పేరున్నదంట. కొడుకు చెప్పిండు. ఏడున్నదో జూపియ్యి."

అద్దాలు పెట్టుకుని వెతికాను. నాలుగో వరుసలో, తల్లి పేరు కింద, సగం చెరిగిపోయి ఉంది. వేలితో చూపించాను. ఆమె కొంగులో నుంచి చెయ్యి బయటికి తీసింది. చీరకు తుడుచుకుంది. నా వేలు పక్కకు జరిపి, తన వేలు అక్కడ ఆనించింది.

"గింత చిన్నగ రాసిండ్రేంది సారూ," అంది.